చిట్టా నుంచి ఆవర్జాకి

పాతకాలం వ్యాపారుల దగ్గర రెండు పుస్తకాలుండేవి. ఏ రోజుకారోజు జరిగింది జరిగినట్టు రాసేది చిట్టా. అందులోంచి ఏరి, ఒక్కో ఆసామీ పేరు కింద విడిగా ఎత్తి రాసేది ఆవర్జా. ప్రయోగశాలల్లో పదిమందీ వాడుకునే యంత్రాల లాగ్‌బుక్‌ చరిత్ర చదువుతుంటే నాకు మాటిమాటికీ ఈ రెండు పుస్తకాలే గుర్తొచ్చాయి.

లాగ్‌బుక్ పుట్టుకతో చిట్టా. ఓడ వేగం కొలవడానికి తాడు కట్టి నీళ్ళలోకి వదిలే చెక్కముక్క పేరు 'లాగ్'. ఆ కొలతలు రాసుకున్న పుస్తకం లాగ్‌బుక్ అయింది. (రోజూ పొద్దున్నే మనం 'లాగిన్' అయ్యేది ఆ చెక్కముక్క పేరుమీదే.) అందులో ఉండేది యంత్రం కథ. మనుషులు వచ్చిపోయే పాత్రలు, అంతే. హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలేలో ఇరుక్కున్న ఒక రెక్కల పురుగుని 1947 సెప్టెంబర్ 9న తీసి, లాగ్‌బుక్ పేజీలోనే టేపుతో అతికించారు. ఆ పుస్తకం ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఇవాళ్టి ఆన్‌లైన్ ఫారంలో ఆ పురుగుని ఏ గడిలో పెడతాం?

ఒకరి మొహం ఒకరికి తెలిసినంత కాలం ఈ పద్ధతి చెల్లింది. 1977లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో కార్నెల్‌లో సూక్ష్మ నిర్మాణాల జాతీయ కేంద్రం మొదలైంది, బయటివాళ్ళకీ తలుపులు తెరిచింది. 1990ల నడుమ కార్నెల్, స్టాన్‌ఫర్డ్, పెన్ స్టేట్, హోవార్డ్, శాంటా బార్బరా కలిసి ఒక నెట్‌వర్క్ అయ్యాయి. ఊరుగాని ఊరు నుంచి వచ్చిన విద్యార్థి కోట్ల ఖరీదు చేసే యంత్రం ముందు కూర్చుంటాడు. ఇతనికి పని నేర్పిందెవరు? బిల్లు ఎవరికి? రిజిస్టర్ తిరగేస్తే దొరికే జవాబులు కావివి.

స్టాన్‌ఫర్డ్, ఎమ్‌ఐటీ కలిసి తయారుచేసుకున్న 'కోరల్', ఆ తర్వాత నిస్ట్ అనే ప్రభుత్వ సంస్థలో పుట్టి అందరికీ ఉచితంగా అందిన 'నీమో' ఈ పని నెత్తినేసుకున్నాయి. బుకింగులూ బిల్లులూ అలా ఉంచండి, అసలు కీలకం ఇంటర్‌లాక్. ప్రతి యంత్రానికీ శిక్షణ పొందినవాళ్ళ జాబితా ఒకటుంటుంది. అందులో మీ పేరుండి, మీరు లాగిన్ అయితేనే యంత్రం పనిచేస్తుంది. అంతకుముందు శిక్షణ అంటే "ఈ అమ్మాయికి వచ్చు, నేను చూశాను" అని ఓ సీనియర్ ఇచ్చే మాట. ఇప్పుడది స్విచ్చు. చిట్టా ఆవర్జాగా మారింది సరిగ్గా ఇక్కడే. యంత్రం దినచర్య కాస్తా మనిషి ఖాతా అయిపోయింది.

ఇది నష్టం అనను. నేను పీహెచ్‌డీ చేసినచోట ఎక్స్-రే యంత్రం రిజిస్టర్లో మేం పెన్సిల్‌తో రాసుకున్న పేర్లు తెల్లారేసరికి మాయమయ్యేవి. వాటిమీద పెద్ద ప్రొఫెసర్ల శిష్యుల పేర్లు పెన్నుతో ఉండేవి. ఆ దందా సాఫ్ట్‌వేర్ వచ్చాకే ఆగింది.

అయితే ఖాతాకి కనిపించనివీ ఉంటాయి. 2011 ఏప్రిల్‌లో యేల్ విశ్వవిద్యాలయం వర్క్‌షాపులో 22 ఏళ్ళ విద్యార్థిని ఒకరు, రాత్రిపూట ఒంటరిగా లేత్ మీద పనిచేస్తూ, జుట్టు అందులో చిక్కుకుని చనిపోయింది. శిక్షణ తీసుకున్న మనిషే. ఆమెకి పని వచ్చా అంటే వచ్చు. ఆ గదిలో ఇంకెవరన్నా ఉన్నారా? అది అడిగే ఏర్పాటే లేదు. తర్వాత యేల్, ఎవరో ఒకరు పర్యవేక్షించే వేళల్లోనే విద్యార్థులు అలాంటి యంత్రాలు వాడాలని కట్టడి చేసింది. ఒక మనిషి ప్రాణం పోయాక గానీ ఆ ప్రశ్న పుట్టలేదు.

మన దేశంలో కథ వేరే దారిన నడిచింది. 1970ల నుంచి కేంద్ర సైన్స్ శాఖ ఐఐటీ మద్రాసు, ఐఐటీ బొంబాయి లాంటి చోట్ల ప్రాంతీయ పరికరాల కేంద్రాలు పెట్టింది. ఇప్పుడు వాటినే 'సైఫ్' అంటున్నాం. అక్కడికి ఎక్కువగా వెళ్ళేది మనిషి కాదు, శాంపిల్. పొట్లం కట్టి ఫీజుతో పంపితే, ఆపరేటర్ యంత్రం నడిపి గ్రాఫు పంపిస్తాడు. యంత్రాన్ని ముట్టుకోకుండానే దాని కొలతలతో థీసిస్ రాసినవాళ్ళు ఎందరో. బెంగుళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బొంబాయి కలిసి నడిపిన నానో ఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రాం బయటి కాలేజీలవాళ్ళని పిలిచి చేత్తో పని చేయించింది. నా దృష్టిలో మనదగ్గర జరిగిన పెద్ద మార్పు అదే. 2020 జనవరిలో ఐ-స్టెమ్ పోర్టల్ వచ్చింది. ఏ యంత్రం ఎక్కడుందో వెతుక్కుని బుక్ చేసుకోవచ్చు. మంచిదే. బుక్ చేసుకోవడం వేరు, శిక్షణ జాబితాలో పేరు పడటం వేరు.

నా థీసిస్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మలు పదిహేడున్నాయి. ఆ యంత్రం ఖాతాలో నా పేరు మీద బిల్లులూ ఉన్నాయి. ఫోకస్ తిప్పింది మాత్రం ఆపరేటర్‌గారు. నేను గాజు తలుపుకి ఇవతల కుర్చీలో కూర్చుని, "కాస్త ఎడమకి, సార్" అని సైగ చేస్తుండేదాన్ని.