నీలి బట్టలో పసుపు నూలు

పోర్టుబ్లెయిరున బయలుదేరి, జారవా తెగవారి యడవిని దాటి, బారాటాంగు, రంగత్తు, మాయాబందరులను ఒకదాని వెంట నొకటిగా వెనుకకు విడిచి, ఇంచుమించు 325 కిలోమీటర్లు ఉత్తరమునకు సాగిన అండమాన్ ట్రంకు రోడ్డు తుదకు చేరుకొను పెద్ద యూరు డిగ్లీపూరు. ఆ ద్వీపములలో మిక్కిలి యున్నతమైన 732 మీటర్ల సాడిల్ పీకు నీడను, కల్పాంగు నది నీటిని ఆశ్రయించి, 1950 దశాబ్దమున తూర్పు బెంగాలు నుండి వచ్చిన కాందిశీకులు అడవి నరికి వరిమళ్ళు చేసికొన్న సీమ యిది. 2011 జనాభా లెక్కల నాటికి అండమాన్ నికోబారులలో నూటికి పదుమువ్వురు తెలుగు మాటలాడువారు గావున, బెంగాలీ పలుకుల నడుమ శ్రీకాకుళపు యాస వినబడుటయు ఈ ద్వీపములలో వింత గాదు.

ఇచట పొలమునకు పోవలెనన్నను, చేపలకై ఏరియల్ బే రేవునకు పోవలెనన్నను, బిడ్డను బడికడ దింపి రావలెనన్నను బండియే దిక్కు. బండి నడుపువాని తలకు హెల్మెట్టు ఉండవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 129వ సెక్షను ఆజ్ఞాపించుచున్నది; నడుము క్రింది భాగమును గూర్చి మాత్రము ఆ చట్టము మాటాడదు. 2022లో మన దేశపు రోడ్లపై మరణించిన 1,68,491 మందిలో నూటికి నలుబది నలుగురికి పైగా ద్విచక్రవాహనములపై పోయినవారే యైనను, కాళ్ళ సంగతి ఎవరి తెలివికి వారికి వదలబడినది. అందుచేత కొందరు లుంగీతోను, మిక్కిలిమంది మామూలు జీన్సు పేంటుతోను బండి యెక్కుచున్నారు. 'మందపు బట్ట గదా, పడినను కాలు దోక్కుపోదు' అను నమ్మకము మనవారిలో బలముగా నున్నది. ఆ నమ్మకము ఎచట పుట్టినదో వెదకబోయిన, మనము ఊహింపని దేశములకు పోవలసి వచ్చును.

జీన్సు బట్టకు పూర్వజన్మ ఒకటి మన దేశముననే కలదు. బొంబాయిలోని డోంగ్రీ పేరుమీదుగా 'డుంగ్రీ' యని పిలువబడిన ముతక నూలుబట్టను పదునేడవ శతాబ్దమున ఆంగ్లవర్తకులు ఓడల కెక్కించుకొనిపోగా, అది 'డంగరీ'గా మారి నావికుల కూలిబట్ట యైనది. ఫ్రాన్సున నీమ్ నగరపు బట్ట నుండి 'డెనిమ్' అను పేరును, ఇటలీలోని జెనోవా నుండి 'జీన్' అను పేరును వచ్చినవని నిఘంటుకారులు సాధారణముగా చెప్పుదురు. ఇక నేటి జీన్సు పేంటునకు ప్రాణము పోసినవాడు రీగాలో జన్మించి, అమెరికాలోని రీనో పట్టణమున దర్జీపని చేసికొనుచుండిన జేకబ్ డేవిస్. కట్టెలు కొట్టువాని భార్య యొకతె తన భర్తకు చిరుగని పేంటు కావలెనని యడుగగా, గుఱ్ఱపు దుప్పట్లకు వాడు రాగి రివెట్లను అతడు జేబుల మూలలందు బిగించి యిచ్చెను. ఆ యుపాయమునకే 1873 మే 20వ తేదీన డేవిస్‌కును, బట్టల వర్తకుడగు లీవై స్ట్రాస్‌కును కలిపి పేటెంటు లభించినది.

ఇచట పాఠకుడు ఒక క్షణము ఆగవలెనని నా మనవి. జీన్సు సంపాదించుకొన్న 'గట్టితనపు' కీర్తి జేబు మూల చిరుగకపోవుటవలన వచ్చినది గాని, తారురోడ్డుపై ఒరసికొనిపోవు కాలిని కాపాడుటవలన వచ్చినది కాదు. 1953లో వచ్చిన 'ది వైల్డ్ వన్' చిత్రమున మార్లన్ బ్రాండో జీన్సు తొడిగి మోటారు సైకిలుపై కూర్చుండిన నాటినుండి ఆ రెండింటికిని జోడు కుదిరినది; ఆ జోడు కుదిర్చినది వెండితెర. ఏ ప్రయోగశాలయు దానికి సాక్ష్యము పలుకలేదు. మామూలు డెనిమును ఒరపిడి యంత్రముపై పెట్టి చూచిన పరీక్షలలో అది ఒక సెకను నిండకముందే తూట్లు పడినది. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పడినవాడు జారి జారి ఆగుటకు రెండు సెకన్లకు పైగా పట్టును, ఆ లోపల పదునైదు మీటర్ల దారి అతని తుంటి క్రిందుగా సాగిపోవును. బట్ట పోయిన పిమ్మట మిగిలిన సెకను చర్మముదే.

బట్ట సంగతి ఇట్లుండగా, దానికి రంగునిచ్చిన నీలి కథ మనకు మఱింత దగ్గరిది. కడప మండలపు నీలిమందు ఒకప్పుడు ఆ యూరి పేరే వికృతమై 'కుర్పా' యను సంజ్ఞతో లండను వేలములందు అమ్ముడుపోయెను. ఉత్తరాదివారు పచ్చి యాకును నానబెట్టుచుండగా, మదరాసు రాజధానిలో ఎండుటాకుతో మందు తీయు పద్ధతి వాడుకలో నుండెను. నీలికుండలో ముంచి తీసిన నూలు మొదట పసుపుపచ్చగా నుండి, గాలి తగిలినకొలది కన్నులయెదుటనే నీలమగుట చూచినవారు ఆ దృశ్యమును మరువలేరు. మన 'నీలి' యను మాట అరబ్బుల నోట 'అన్నీల్' అయి, పోర్చుగీసుల నోట 'అనిల్' అయినది. 1826లో ఒట్టో ఉన్‌ఫెర్డార్బెన్ అను జర్మను రసాయనికుడు నీలిని బట్టీపట్టి తీసిన ద్రవమునకు, తరువాత ఫ్రిట్జ్‌షే 'ఎనిలీన్' అని పేరిడినది ఆ మాటనుండియే. 1897లో బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ కృత్రిమ నీలిని విపణికి తెచ్చుటతో మన నీలిచేలు అడుగంటినవి. నేటి జీన్సులకు అద్దునది ఆ కృత్రిమమైన నీలియే. 'ఎనిలీన్' అను పేరు మాత్రము రసాయనశాస్త్రమున చిరస్థాయిగా నిలిచి, డెబ్బది యేండ్లలోపలనే మఱియొక అద్భుతమునకు బంధువైనది.

ఆ యద్భుతమును కనుగొన్నది స్టెఫనీ క్వోలెక్ అను విదుషి. 1923లో పెన్సిల్వేనియాలో జన్మించిన ఈమె, కుట్టుపని యెరిగిన తల్లివలన చిన్ననాటనే బట్టలపై మక్కువ పెంచుకొని, వైద్యవిద్యకై ధనము కూడబెట్టుకొను తలంపుతో డ్యూపాంట్ కంపెనీలో చేరి, పిదప రసాయనశాస్త్రముననే స్థిరపడినది. కారు టైర్లను తేలికగా బలపరచు నూలు కొరకు వెదకుచు, 1965లో ఆమె చేసిన ద్రావణము పలుచగా, మసకగా నుండుటచేత, అది వడకు యంత్రపు సన్నని రంధ్రములను మూసివేయునని పనివాడు మొదట ఒప్పుకొనలేదు. ఆమె పట్టు విడువలేదు. వడికి చూడగా వచ్చిన పసుపువన్నె నూలు, సమాన బరువుగల ఉక్కుకంటె అయిదు రెట్లు బలము గలదై, 'కెవ్లార్' అను పేరున లోకప్రసిద్ధి గాంచినది. ఈ నూలునకు మూలద్రవ్యమైన పారా ఫెనిలీన్ డైయమీను ఎనిలీన్ వంశపుదే. నీలి డెనిముకు లోపల పసుపు కెవ్లారు పొరను కుట్టిన పేంటును తొడిగికొన్నవాని కాలిమీద ఒకే పేరింటి రెండు తరములు కలిసియుండుట నాకు ఎప్పటికప్పుడు ఆశ్చర్యమును కలిగించును.

బండి వారికై ఇట్టి జీన్సులు గత శతాబ్దాంతమున వాడుకలోనికి వచ్చినవి. అనతికాలముననే 'లోపల కెవ్లారు కలదు' అను చీటీ మీదనే వ్యాపారము సాగ నారంభించినది. ఆ చీటీకి విలువ యెంత? ఆస్ట్రేలియాలో లిజ్ డి రోమ్ ప్రభృతులు, ప్రమాదమునకు లోనైన 212 మంది బండివారిని పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితములలో, రక్షకవస్త్రములు ధరించినవారు ఆసుపత్రి పాలగుట తక్కువయని తేలినది. ఆ వస్త్రములలోని పేంట్లలో నాలుగింట ఒక వంతుకు పైగా ప్రమాదమున నిలువలేకపోయినవనియు తేలినది. కొన్నింటిలో పొర మోకాలికి మాత్రము పరిమితమై, పడినప్పుడు మొదట నేల తాకు తుంటికి లేకపోవుట మనము అంగళ్ళలో చూచుచున్న లోపము. కుట్టు తెగిన కెవ్లారు ఉన్నను లేనట్టే యగును. కావున కుట్లు రెండు మూడు వరుసలుగా నుండవలెను.

ఐరోపావారు 2020లో ప్రకటించిన ఇ.ఎన్. 17092 ప్రమాణము ఈ గందరగోళమును చాలవరకు తీర్చినది. దాని ప్రకారము ఎ, ఎఎ, ఎఎఎ అను మూడు ముఖ్యమైన తరగతులు కలవు. మోకాలు, తుంటి మొదలగు మొదటి వలయపు చోట్లలో ఎ తరగతి బట్ట గంటకు సుమారు 45 కిలోమీటర్ల జారుడును, ఎఎ తరగతి 70 కిలోమీటర్ల జారుడును, ఎఎఎ తరగతి 120 కిలోమీటర్ల జారుడును ఓర్చుకొనవలెను. ఇవి గాక గల బి తరగతి పేంటునకు దెబ్బను ఆపు మెత్తలు ఉండవు. ఆ మెత్తలకు వేరుగా ఇ.ఎన్. 1621-1 ప్రమాణము కలదు. 50 జౌళ్ళ దెబ్బ తగిలినప్పుడు లోపలికి చేరు బలము సగటున 35 కిలోన్యూటన్లు మించని మెత్త ఒకటవ మెట్టు, 20 మించనిది రెండవ మెట్టు. లోపలి చీటీపై ఈ యంకెలు లేని పేంటును నేనైతే కొనను.

డిగ్లీపూరునందు దినదినము 40, 50 కిలోమీటర్ల వేగమున తిరుగువానికి ఎఎ తరగతి చాలునని నా నిశ్చయము. ఎఎఎ తరగతి దానికంటె గట్టిదే యైనను మందమైనది, వేడియైనది. ఏటా 3000 మిల్లీమీటర్ల మేరకు వాన కురిసి, వాన లేని వేళ ఉక్కతో తడియు ఆ సీమలో వారమునకు రెండు నాళ్ళు తొడిగి, అయిదు నాళ్ళు పెట్టెలో పెట్టు పేంటు ఎవరిని రక్షింపగలదు? 2018 నుండి ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములు 'మోటోక్యాప్' పేరిట రక్షణకు వేరుగాను, గాలి యాడుటకు వేరుగాను నక్షత్రములు ఇచ్చుట యిందులకే. పాలిథిలీన్ జాతి గట్టి పోగులను డెనిములోనే కలిపి నేసిన ఒంటిపొర బట్ట తేలిక, చల్లన. అయితే ఆ పోగు 145 డిగ్రీల వద్దనే కరగును గావున పరీక్ష నెగ్గిన దానినే యెంచుకొనవలెను. ఇచట తీవ్రమైన గాయమైనచో పోర్టుబ్లెయిరులోని జి.బి. పంత్ ఆసుపత్రికి పోవు దారి, మొదట చెప్పిన ఆ 325 కిలోమీటర్లే యని మరువరాదు.

దూరమునుండి తెప్పించుకొనువారు నడుము కొలతను నిలుచుండి గాక కూర్చుండి తీసికొనవలెను. పేంటు చేతికి వచ్చిన వెంటనే బండిమీద కూర్చుండి చూచుకొనవలెను. నిలుచున్నప్పుడు మోకాలిచిప్పమీద నుండిన మెత్త కూర్చున్నప్పుడు తొడమీదికి ఎగబ్రాకునేని, దానిని క్రిందికి జరుపుకొను సదుపాయము గల పేంటు కావలెను. అట్లే కూర్చున్నప్పుడు చీలమండ బయటపడని పొడవును ఉండవలెను.

తిరగేసి ఆరవేసినచో రంగు నిలుచునని మన యిండ్లలో తల్లులు జీన్సును తిరగేసి ఎండలో వేయుట వాడుక. కెవ్లారు పొర గల పేంటునకు ఆ వాడుక చెరుపు, ఏలయన సూర్యరశ్మి ఆ పసుపు నూలును బలహీనపరచును. బ్లీచింగు దానికి మఱింత శత్రువు. నీలిముఖము వెలుపలికి నుంచి, చూరు క్రింద గాలి యాడు నీడలో ఆరవేయవలెను. అండమాను వానలలో అట్టి బరువు పేంటు ఒక్క దినమున ఆరదు. అందుచేత శక్తి గలవారు ఖరీదైన ఎఎఎ తరగతి పేంటు ఒకటి కొనుటకంటె ఎఎ తరగతివి రెండు కొనుట మేలు. ఒకటి దండెముమీద నున్నప్పుడు రెండవది ఒంటిమీద నుండును.