పశ్చిమ నెల్లూరులో పొగాకు ఎగుమతుల అనిశ్చితి, బ్యారన్ల ఇంధన మార్పు

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పశ్చిమ భాగాన గల ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో వర్జీనియా పొగాకు ఒక ముఖ్యమైన వాణిజ్య పంట. ఆకును వేడిగాలితో ఆరబెట్టే గదులను బ్యారన్లు అంటారు. ఎగుమతి గిరాకీ, వ్యాపార విధానాలు ఏటేటా మారుతుండటం ఈ బ్యారన్లలో ఇంధన పొదుపు పద్ధతుల ప్రవేశానికి పెద్ద ఆటంకము.

నియంత్రణ, అమ్మకం

1975 నాటి చట్టం ప్రకారం పొగాకు బోర్డు 1976 జనవరి 1న ఏర్పడింది. దీని ప్రధాన కార్యాలయం గుంటూరు. ఎగుమతి అవకాశాలను, దేశీయ సిగరెట్ కంపెనీల అవసరాన్ని అంచనా వేసి బోర్డు ప్రతి సంవత్సరం పంట పరిమాణాన్ని నిర్ణయిస్తుంది. నమోదైన ఒక్కొక్క బ్యారన్‌కు ఇంత అని కోటా కేటాయిస్తుంది. ఈ ప్రాంతపు పంట మర్రిపాడు మండలం డి.సి.పల్లి, ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి వేలం కేంద్రాలలో అమ్ముడవుతుంది. ఎవరూ పాట పాడని బేళ్లను నోబిడ్లు అంటారు. రైతుకు అప్పు తీరేదీ తీరనిదీ ఈ నోబిడ్ల సంఖ్యను బట్టి తెలుస్తుంది.

ఒడుదొడుకులు

సోవియట్ యూనియన్ భారత పొగాకుకు పెద్ద కొనుగోలుదారు. 1991లో అది విచ్ఛిన్నం కావటంతో రూపాయి వ్యాపారం దెబ్బతిన్నది. నిల్వలు పేరుకుపోయిన కారణంగా 2000-01లో ఆంధ్రప్రదేశ్‌లో పంట విరామం ప్రకటించారు. పొగాకు నియంత్రణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఒడంబడికను భారతదేశం 2004లో ఆమోదించింది. 2019 జనవరిలో చైనాకు ఆకు ఎగుమతి చేయటానికి ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడు కోవిడ్ వలన కొనుగోళ్లు మందగించగా, రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా వేలంలో పాల్గొన్నది. బ్రెజిల్‌లో పంట తగ్గినప్పుడు ఇక్కడ ధర పెరగటం కూడా ఇందులో భాగమే. మర్రిపాడు రైతుకు వీటిలో ఏదీ తన చేతిలోనిది కాదు.

ఇంధనం

కిలో పొగాకు ఆరబెట్టటానికి సుమారు నాలుగైదు కిలోల కట్టెలు కావలెను. సుబాబుల్, జామాయిల్, సరుగుడు, తుమ్మ మొదలైనవి వాడుతారు. వానలు తక్కువగా పడే ఈ మెట్ట ప్రాంతంలో ఇది చిన్న భారం కాదు. బ్యారన్ పైకప్పుకు, గోడలకు వేడి బయటకు పోకుండా పొర వేయటం, పొయ్యిని మెరుగుపరచటం, వ్యవసాయ వ్యర్థాలతో చేసిన గుళికలు వాడటం వంటి మార్గాలు తెలిసినవే. కట్టెల పొదుపు ద్వారా వీటి ఖర్చు తిరిగి రావటానికి కొన్ని పంటకాలాలు పట్టవచ్చు. రాబోయే ఏటి కోటా ఎంతో తెలియనివాడు అన్నేళ్ల లెక్క వేయలేడు.

కౌలు పద్ధతి ఈ చిక్కును మరింత పెంచుతుంది. బ్యారన్‌ను ఏడాదికి కౌలుకు తీసుకున్న రైతు కట్టెల ఖర్చు భరిస్తాడు, కాని మరొకరి గోడలపై పెట్టుబడి పెట్టడు. యజమానికేమో కౌలు వస్తుంది, పొదుపుతో పని లేదు. అందువలన రాయితీ ఎవరి పేరున ఇవ్వాలన్నది రాయితీ మొత్తం కంటే ముఖ్యమైన ప్రశ్న.

ఆర్థికశాస్త్ర దృష్టి

వెనక్కి తీసుకోలేని పెట్టుబడిని అనిశ్చితి వాయిదా వేయిస్తుందని అవినాష్ దీక్షిత్, రాబర్ట్ పిండైక్ 1994లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. 1986లో పోర్చుగల్ ఐరోపా సముదాయంలో చేరినప్పుడు సుంకాలపై అనిశ్చితి తొలగిపోవటమే అక్కడి సంస్థలను ఎగుమతులకు ప్రోత్సహించిందని కైల్ హాండ్లీ, నూనో లిమావో చూపారు. బ్యారన్ విషయంలో మంచి ధర ఒక్కటే చాలదనటానికి 2023-24 ఉదాహరణ. ఆ ఏడు ధరలు బాగా పెరిగాయి. రైతులు మరుసటి ఏడు సాగును పెంచారు. 2025 వేలాలలో ధరలు తగ్గి, నోబిడ్లు పెరిగి, ఆందోళనలు జరిగాయి.