గ్రంథాలయపు మాటలు – వాని పుట్టుక

ఇంగ్లీషు నేర్చుకొను మన విద్యార్థి మాటకొక్క అర్థమే కంఠస్థము చేసి, ఆ అర్థము పొసగని చోట దిక్కుతోచక నిలిచిపోవుచుండును. మాట పుట్టుక తెలిసినచో, దాని పెక్కు అర్థములును ఒకే మొదట పుట్టిన కొమ్మలని తెలియును. గ్రంథాలయమునకు సంబంధించిన నాలుగు మాటలను పరిశీలింతము.

‘లైబ్రరీ’కి మూలము లాటిను భాషలోని ‘లిబెర్’. చెట్టు లోపలి బెరడునకు ఆ పేరు. పుస్తకమునకును అదే పేరు. ఫ్రెంచి భాష ద్వారా ఈ మాట ఇంగ్లీషున ప్రవేశించినది. చిత్రమేమనగా, ఫ్రాన్సులో నేడు ‘లిబ్రేరి’ అనగా పుస్తకములమ్ము దుకాణము. ఇంగ్లండులో ‘లైబ్రరీ’ అనగా పుస్తకములు చదువుకొను చోటు.

‘వాల్యూము’ అనగా మొదట చుట్ట. పూర్వము గ్రంథములను చాపవలె చుట్టి దాచెడివారు. చుట్టలు పోయి కుట్టిన పుస్తకములు వచ్చినను పేరు మారలేదు. పుస్తకపు పరిమాణమును బట్టి వస్తువుల ఘనపరిమాణమునకును, పిదప 19వ శతాబ్దమున ధ్వని తీవ్రతకును ఆ మాట వ్యాపించినది. రేడియో వాల్యూము తగ్గించుమనునపుడు మనము ఆ పాత చుట్టనే తలచుచున్నాము.

‘కోడ్’కు మూలమైన ‘కోడెక్సు’ చెట్టు మొద్దు. రోమనులు చెక్కపలకలకు మైనము పూసి, దానిపై వ్రాసి, ఆ పలకలను ఒకటిగా కట్టెడివారు. ఆ కట్టకు మొద్దు పేరే నిలిచినది. క్రీ.శ. 529లో జస్టీనియను చక్రవర్తి ప్రకటించిన శాసన సంపుటమునకును అదే పేరు. మన న్యాయస్థానములలోని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు ఈ పేరు అట్లు వచ్చినదే. రహస్యలిపిని సైతము కోడ్ అందురు.

‘పేపరు’ నైలునది తీరమున పెరుగు ‘పపైరస్’ అను జమ్ముజాతి మొక్క పేరు. నేటి కాగితము పుట్టినది చీనాదేశమున. అయినను ఐరోపావారు దానికి పాత మొక్క పేరే పెట్టిరి. వార్తాపత్రికయు పేపరే, పరీక్షాపత్రమును పేపరే.

ఇది మనకు క్రొత్త కాదు. ‘పత్రము’ ఆకు, జాబును పత్రమే. ‘కమ్మ’ తాటియాకు, ప్రాచీనులకు లేఖయు కమ్మయే. వ్రాతకు ఆధారమైన వస్తువు మారినను, దాని పేరు క్రొత్త అర్థములతో జీవించుట అన్ని భాషలకును సామాన్యము.

కావున పాఠకులారా, తెలియని మాట ఎదురైనపుడు నిఘంటువులోని తొలి అర్థముతో తృప్తిపడక, తక్కిన అర్థములను చూచి, చదువుచున్న వాక్యమున ఏది పొసగునో విచారింపుడు. ఆ మాట పుట్టుక కూడ తెలిసికొన్నచో దానిని మరల మరచిపోరు.