రోము నగరము – నల్లగొండ నాణెము

యూరపు ఖండములోని ప్రాచీన రాజధానులను చూడబోవు మనవారిలో పలువురు మొదట రోము నగరమునకే పోవుదురు. కొలీసియమును చూతురు, ఫోరము శిథిలముల నడుమ తిరుగుదురు, పాంథియాను గుమ్మటము క్రింద నిలిచి తల యెత్తి చూతురు, ఛాయాచిత్రములు తీసికొని తిరిగి వత్తురు. ఎంత ఘనముగా కట్టినారో, ఎంత ఘోరముగా పడిపోయినదో అని ఇంటివారికి చెప్పుదురు. ఆ మాట నిజమే. అయితే ఆ నగరమునకును మన పల్లెలకును ఏ సంబంధమును లేదని తలచి చూచుటవలన, చూడవలసిన దానిలో కొంత చూడకుండగనే తిరిగి వచ్చుట జరుగుచున్నది. ఆ మిగిలిపోయిన భాగమును గురించియే మేమిప్పుడు చెప్పదలచినాము.

ఇందుకు మార్గదర్శిగా మేము ఎన్నుకొనునది గ్రంథమును కాదు, చిన్న వెండి నాణెమును. నల్లగొండ జిల్లాలోని అక్కనపల్లిలో రోమను వెండి నాణెముల నిక్షేపమొకటి బయటపడినది. అందులో 1500కు పైగా నాణెములున్నవి. వానిలో హెచ్చు భాగము ఆగస్టసు (క్రీ.పూ. 27 – క్రీ.శ. 14), టైబీరియసు (క్రీ.శ. 14 – 37) అను ఇరువురు చక్రవర్తుల కాలమునాటివి. ఈ నాణెమును రోమనులు డెనారియసు అనెడివారు. తూకము మన తులములో మూడవ వంతునకు దగ్గరగా నుండును. టైబీరియసు నాణెమునకు ఒకవైపు మారేడాకులను బోలిన ఆకుల మాల ధరించిన చక్రవర్తి శిరస్సు, రెండవవైపు ఆసనముపై కూర్చున్న స్త్రీమూర్తి కనిపించును. ఆగస్టసు నాణెములలో మన దేశమున విరివిగా దొరకునట్టి రకముపై, డాళ్ళును ఈటెలును నడుమ నుంచుకొని నిలిచిన ఇద్దరు రాకుమారులు కనిపింతురు. వారు ఆయన దత్తపుత్రులు, గైయసు, లూసియసులు.

ఈ నాణెమును చేతబట్టుకొని రోము నగరములో ప్రవేశింతము.

టైబరు నది యొడ్డున 'శాంతి వేదిక' అను పాలరాతి కట్టడము కలదు. ఆగస్టసు స్పెయిను, గాలు దేశముల నుండి తిరిగి వచ్చిన సందర్భమున రోము సెనేటు దీనిని నిర్మింపజేసి, క్రీ.పూ. 9లో ప్రతిష్ఠించినది. ప్రస్తుతము దానిపై గాజుతో నిర్మించిన ప్రదర్శనశాల ఉన్నది. ఆ భవనపు వెలుపలి గోడపై లాటిను అక్షరములు బారులు తీరి కనబడును. ఆగస్టసు తన జీవితమున చేసిన పనులను తానే చెప్పి వ్రాయించిన శాసనపాఠమది. దానిని మొదట కంచుస్తంభములపై చెక్కి ఆయన సమాధి యెదుట నిలిపిరి. ఆ స్తంభములు నశించినవి. పాఠము మాత్రము నేటి తుర్కీ రాజధాని అంకారాలోని ఒక ఆలయపు గోడలపై నిలిచి మనకు దక్కినది. అందులో ఒకచోట, అంతకుముందు ఏ రోమను సేనాని యెదుటను కనబడని భారతదేశపు రాజుల రాయబారములు తనకడకు పలుమారులు వచ్చినవని ఆగస్టసు సగర్వముగా చెప్పుకొన్నాడు. అట్టి రాయబారమొకటి తెచ్చిన కానుకలను స్ట్రాబో అను భూగోళకారుడు పేర్కొన్నాడు. అందు పెద్ద పాములు, ఏటి తాబేలు, గ్రద్దకంటె పెద్దదైన కౌజుపిట్ట ఉన్నవట! కానుకల సంగతి యెట్లున్నను, ఆ స్ట్రాబోయే చెప్పిన మరియొక మాట ముఖ్యమైనది. ఎఱ్ఱసముద్రపు రేవొకటి నుండి ఏటేట 120 ఓడల వరకు భారతదేశమునకు పోవుచున్నవని ఆయన వ్రాసెను.

అక్కడ నుండి ఫోరమునకు పోవుదము. శని దేవుని ఆలయమునకు ఎనిమిది స్తంభములు ఇప్పటికిని నిలిచియున్నవి. రాజ్యపు ధనాగారము ఈ ఆలయములోనే యుండెడిది. వెనుక నున్న కాపిటోలు కొండపై జూనో మొనేటా దేవి ఆలయముండెడిది. రోము టంకసాల దాని పక్కన వెలసినందున ఆ దేవి పేరే యూరపు భాషలలో నాణెమునకును ధనమునకును పేరైనది. ఇది చెప్పగానే మన చేతిలోని నాణెము ఈ కొండపైననే పుట్టినదని చూపరులు తలచెదరు. అది సరికాదు. మీద పేర్కొన్న రెండు రకముల నాణెములును ఫ్రాన్సు దేశములోని నేటి లియోను నగరపు టంకసాలలో ముద్రితమైనవి. గాలు దేశమున పుట్టి, రోమను సామ్రాజ్యమున చెలామణియై, ఈజిప్టు రేవుల మీదుగా సముద్రము దాటి, తుదకు తెలుగు నేలలో పాతబడినదన్నమాట. రాజధాని నగరమును కళ్ళజూడకయే రాజధాని పేరు మోసికొని వచ్చినవి ఇట్టివెన్నియో!

ఫోరములో పవిత్రవీథి అనబడు బాట వెంట నడచినచో మాక్సెంటియసు సభామంటపపు ఎత్తైన కమానులు కానవచ్చును. క్రీ.శ. 4వ శతాబ్దారంభమున మాక్సెంటియసు ఆరంభింపగా కాన్‌స్టంటైను దానిని పూర్తిచేసెను. చూచువారందరు కమానులను చూతురే గాని కాళ్ళక్రింది నేలను చూడరు. ఆ మంటపము క్రింద అంతకు పూర్వపు మిరియాల కొట్ల శిథిలములు బయటపడినవి. డొమీషియను (క్రీ.శ. 81 – 96) కట్టించిన ఆ కొట్లలో తూర్పు దేశపు మిరియాలు, సుగంధద్రవ్యములు నిలువచేసెడివారు. రాజధాని నడిబొడ్డున, దేవాలయముల సరసన, మన దక్షిణదేశపు మిరియమునకు ప్రత్యేకముగా భవనము కట్టిరనగా ఆ సరుకున కెంత గౌరవమో ఊహించుకొనవచ్చును.

మిరియము కేరళ తీరపు పంట. తెలుగు దేశము పంపినది బట్ట. క్రీ.శ. 1వ శతాబ్దిలో గ్రీకు భాషలో వ్రాయబడిన 'ఎరిత్రియను సముద్ర యాత్ర' అను నావికుల గ్రంథము మసాలియా అను తీరదేశమున సన్నని వస్త్రములు మెండుగా తయారగునని చెప్పుచున్నది. మసాలియా యనగా మచిలీపట్నపు ప్రాంతమని పండితులు నిర్ణయించిరి. అదే గ్రంథము పైఠానునకు తూర్పున పది దినముల ప్రయాణములో తగర మను మహానగర మున్నదనియు, సముద్రతీర ప్రాంతములనుండి అచ్చటికి చేరిన సరుకులు బాటలు సరిగాలేని ప్రదేశముల గుండ బండ్లమీద భరుకచ్ఛపు రేవునకు పోవుచుండెననియు తెలుపుచున్నది. తగరము నేటి మహారాష్ట్రలోని తేరు. మచిలీపట్నపు తీరమునుండి హైదరాబాదు ప్రాంతము మీదుగా తేరునకు ప్రాచీనమార్గ ముండెనని ఫ్లీటు పండితుడు వాదించెను.

ఇపుడు మన పటమును తెరచి చూతము. మచిలీపట్నమునుండి విజయవాడ, సూర్యాపేట, హైదరాబాదుల మీదుగా పుణెకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి నల్లగొండ జిల్లాలో కేతేపల్లిని దాటిపోవుచున్నది. సమీపముననే మూసీ జలాశయమున్నది. ఆ మూసీ వాడపల్లికడ కృష్ణలో కలియుచున్నది. నాటి బండ్లబాట సరిగా ఈ ఊరిమీదుగనే పోయినదని చెప్పుటకు ఆధారము లేదు. కాని తీరమునుండి పడమటికి పోదలచిన వర్తకుడు ఏ బాట పట్టినను, ఈ ఎఱ్ఱచెలకల నేలమీదుగనో, దీనికి దాపుననో ఎద్దులను తోలుకొని పోవలసినదే. అక్కనపల్లి వెండి ఈ జిల్లాలో దొరకుట ఆశ్చర్యముగాదని దీనివలన తేలుచున్నది.

రోములో మన నాణెము చూపు తరువాతి స్థలము పాలటైను కొండ. అక్కడ టైబీరియసు పేర ప్రసిద్ధమైన మహాసౌధము కలదు. చాలకాలము మూతబడియుండి 2023లో సందర్శకులకు తిరిగి తెరువబడినది. ఈ టైబీరియసు క్రీ.శ. 22లో సెనేటునకు పంపిన లేఖను చరిత్రకారుడు టాసిటసు పేర్కొన్నాడు. స్త్రీల ఆభరణములకై, మణులకై మన ధనము పరదేశీయుల పాలగుచున్నదని చక్రవర్తి అందులో వాపోయెను. ఆయన అట్లు వాపోవుచుండగనే ఆయన ముఖము ముద్రించిన వెండి ఓడలకెక్కి మనవైపు వచ్చుచుండెను! ఐదు దశాబ్దులు గడచిన పిమ్మట ప్లినీ అను విద్వాంసుడు లెక్క గూడ కట్టెను. ఏటేట ఐదు కోట్ల సెస్టర్సులు భారతదేశమునకు పోవుచున్నవని ఆయన వ్రాసెను. నాలుగు సెస్టర్సు లొక డెనారియసు గనుక కోటి ఇరువదియైదు లక్షల వెండి నాణెములన్నమాట.

ఈ ఫిర్యాదును చదివి, మన పూర్వులు రోమును దోచుకొన్నారని కొందరు మురియుదురు. అది తొందరపాటు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో భద్రపరచిన క్రీ.శ. 2వ శతాబ్దపు పపైరసు పత్రమొకటి ఈ వ్యాపారపు రెండవ పార్శ్వమును చూపుచున్నది. కేరళలోని ముచిరి రేవునుండి వచ్చిన హెర్మాపొల్లను అను ఓడలోని సరుకు విలువ అందు లెక్కింపబడినది. అది దాదాపు 70 లక్షల సెస్టర్సులు. అట్టి సరుకుపై రోమను ప్రభుత్వము నాలుగవ వంతు సుంకము పుచ్చుకొనెడిది. కావున ధనము పోయినదని సెనేటులో విచారించిన చక్రవర్తులే రేవులో సుంకము ముట్టించుకొనుచుండిరి. కొలీసియమును కట్టిన రాజ్యపు బొక్కసములో మన మగ్గములమీది బట్టకును, మన మిరియమునకును కొంత భాగము లేకపోలేదు. రోము వైభవమును చూచునపుడు మనము మరువరాని విషయమిది.

వచ్చిన వెండిని మనవారేమి చేసిరి? నీరో చక్రవర్తి క్రీ.శ. 64లో డెనారియసు తూకము తగ్గించి వెండిలో కల్తీ పెంచెను. మన దేశమున దొరకు వెండి నాణెములలో అంతకుముందరివే అత్యధికము. మన వర్తకులు మంచి వెండిని గుర్తెరిగి పాత నాణెములనే కోరిరని దీనికి పలువురు చెప్పు కారణము. దక్షిణదేశమున దొరకిన నాణెములలో కొన్నింటిపై చక్రవర్తి ముఖముమీద ఉలిగాటు కనబడును. పుదుక్కోట నిక్షేపము దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. వారికి కావలసినది రాజముద్ర కాదు, లోపలి లోహము. అయినను పేరు మాత్రము నిలిచినది. డెనారియసు సంస్కృతమున దీనారమైనది. నాగార్జునకొండ శాసనములలో దీనారి మాషకములను దానమిచ్చిన ప్రస్తావన గూడ కలదు.

నాగార్జునకొండ మాట వచ్చినది గనుక కొలీసియమును గురించి ఒక మాట. వెస్పేషియను ఆరంభించిన ఆ మహా క్రీడాగారమును ఆయన కుమారుడు టైటసు క్రీ.శ. 80లో ప్రారంభించెను. అది సుమారు 188 మీటర్ల పొడవు, 156 మీటర్ల వెడల్పు గలిగిన అండాకారపు కట్టడము. నల్లగొండ జిల్లాకు కృష్ణ ఆవలి యొడ్డున ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో గూడ మెట్లు మెట్లుగా ఆసనములమర్చిన రంగస్థలము త్రవ్వకములలో వెలువడినది. రోమను బంగారు నాణెములును అచట దొరకినవి. అంతమాత్రమున రోమను శిల్పి వచ్చి కట్టినాడనుట సాహసము. విజయపురి కట్టడము చిన్నది, దీర్ఘచతురస్రాకారపు రంగము గలది. రెండు నగరముల నడుమ రాకపోకలుండెననుట వరకే రుజువున్నది.

కాని ఈ రెండు రాజధానులకును కాలము చేసిన తీర్పు వేరు. రోము నేటికిని రాజధానియే. దాని శిథిలములు ఎండలో నిలిచి, కోరినవారికెల్ల కనబడుచున్నవి. విజయపురిని 1954 – 60 మధ్య త్రవ్వి చూచి, పిదప నాగార్జునసాగరమునకై నీటికి అప్పగించితిమి. కొన్ని కట్టడములను దీవికిని, అనుపునకును తరలించి తిరిగి నిలిపిరి. ఆ నీరు లక్షల ఎకరములకు ప్రాణము పోసినది గనుక దానిని తప్పుపట్టరాదు. అయితే మన ప్రాచీన చరిత్రకు నేలపై నిలిచిన సాక్ష్యములు తక్కువ గనుకనే, నేలలోని చిన్న వస్తువులకు విలువ హెచ్చు. రోములో ఒక రాయి పోయినను వేయి రాళ్ళు సాక్ష్యము చెప్పును. నల్లగొండలో ఒక కుండెడు నాణెములు కరగిపోయినచో ఆ ఊరి చరిత్రలో ఒక శతాబ్దమే మాసిపోవచ్చును.

నాగలిచాలులో గాని, ఇంటి పునాదిలో గాని పాతనాణెములు బయటపడినపుడు చాల చోట్ల ముందుగా పోవునది కంసాలి మూసకే. విలువ పది రూపాయలు మించిన నిక్షేపము దొరకినవారు కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము విధించుచున్నది. దొరకినవారి హక్కులను గూడ ఆ చట్టము గుర్తించినది. అట్లు చేరిన నాణెములు ఉన్నందువల్లనే 1965లో పరమేశ్వరీలాల్ గుప్త ఆంధ్రప్రదేశములోని రోమను నాణెముల పట్టికను ప్రకటింపగలిగెను. నాణెము ఏ చేనులో దొరికినది, ఏ పాత్రలో ఉన్నది, ఎన్ని ఉన్నవి, వేనితో కలిసి ఉన్నవి అను నాలుగు విషయములు తెలిసినచో చరిత్రకారుడు దానినుండి ఓడలను, బండ్లబాటలను, మగ్గములను చూపగలడు. అవి తెలియక, నాణెము మాత్రమే మిగిలినచో అది పాత వస్తువు. అదియు కరిగినచో తులములో మూడవ వంతు వెండి, అంతే.