పాత సీరియల్ మళ్లీ మొదటి నుంచి చూడాలంటే? ఏది ఏ యాప్‌లో, ఎంత డేటా, ఎక్కడ జాగ్రత్త

వర్ధన్నపేటలో ఉన్న అమ్మకు ‘చక్రవాకం’ మళ్లీ మొదటి నుంచి చూడాలని ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు ‘ఏదో యాప్ వేసుకోమ్మా, అందులో వస్తుంది’ అంటాడు. చిక్కంతా ఆ ‘ఏదో యాప్’ దగ్గరే ఉంది. ఒక యాప్‌లో సీరియల్ పేరు కనిపిస్తుంది గానీ మొదటి ఎపిసోడ్లు ఉండవు. ఇంకో దాంట్లో చందా కట్టాక గానీ తెరుచుకోదు. ఈలోగా వాట్సాప్ గ్రూపులో ‘అన్ని ఎపిసోడ్లు ఫ్రీ’ అంటూ ఒక లింకు వస్తుంది. నొక్కితే ఏమవుతుందో కింద చెప్పుకుందాం.

ముందు ఒక్క సంగతి అర్థం చేసుకుంటే సగం పని అయిపోతుంది. సీరియల్‌ను యాప్‌ను బట్టి కాదు, అది వచ్చిన చానల్‌ను బట్టి వెతకాలి. ఏ చానల్‌లో వచ్చిందో గుర్తుంటే దాని యాప్ ఏదో తెలిసిపోతుంది.

ఏ చానల్ సీరియల్‌కు ఏ యాప్?

జెమినీ టీవీ సన్ గ్రూపుది. కాబట్టి 2003లో మొదలైన ‘చక్రవాకం’, 2008లో మొదలైన ‘మొగలిరేకులు’ లాంటివి మొదట వెతకాల్సింది సన్ నెక్స్ట్‌లో. ఈ రెండూ మంజులా నాయుడు దర్శకత్వంలో వచ్చినవే. అంతకుముందు 1990ల చివర్లో దూరదర్శన్‌లో వచ్చిన ‘ఋతురాగాలు’ కూడా ఆమెదే. కానీ అది దూరదర్శన్ సీరియల్ కాబట్టి సన్ నెక్స్ట్‌లో వెతకడం దండగ. దర్శకులు ఒకరే అయినంత మాత్రాన సీరియళ్లన్నీ ఒకే చోట ఉండవు.

స్టార్ మా సీరియళ్లకు జియోహాట్‌స్టార్. 2025 ఫిబ్రవరి 14న జియోసినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ కలిసి ఈ యాప్‌గా మారాయి. పాత హాట్‌స్టార్‌లో ‘కార్తీక దీపం’ చూస్తూ మధ్యలో ఆపేసిన వాళ్లు ఇప్పుడు ఇక్కడే వెతకాలి. 2017 అక్టోబర్‌లో మొదలై 2023 జనవరిలో ముగిసింది మొదటి భాగం. 2024 మార్చిలో మొదలైంది ‘ఇది నవ వసంతం’ అనే రెండో భాగం. సెర్చ్‌లో రెండూ పక్కపక్కనే వస్తాయి కాబట్టి కంగారులో రెండో భాగం మొదటి ఎపిసోడ్ నొక్కి ‘దీప ఇట్లెందుకుంది, పిల్లలేరీ’ అని తికమకపడేవాళ్లు ఉంటారు. పేరు కింద ఉన్న సంవత్సరం చూసుకోండి.

జీ తెలుగు సీరియళ్లు ‘ముద్ద మందారం’ లాంటివైతే జీ5. ఈటీవీవి అయితే ఈటీవీ విన్. 1995 ఆగస్టు 27న మొదలైన ఈటీవీ దగ్గర పాత సరుకు చాలా పెద్దది. ‘అన్వేషిత’, ‘అంతరంగాలు’, ఎస్.ఎస్. రాజమౌళి సినిమాల్లోకి రాకముందు దర్శకత్వం వహించిన ‘శాంతి నివాసం’ ఆ కాలానివే. అయితే చానల్ దగ్గర ఉన్నదంతా యాప్‌లో ఉంటుందని అనుకోకూడదు. చందా కట్టే ముందే యాప్ తెరిచి పేరు వెతికి, ఎపిసోడ్ల జాబితా పైనుంచి కింద దాకా చూడండి. జాబితా చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు. ఇంత చిన్న పని చేయకుండా ఏడాది చందా కట్టి, తర్వాత బాధపడటం మామూలైపోయింది.

ఆహాలో పాత డైలీ సీరియళ్ల కోసం వెతికి సమయం వృథా చేసుకోకండి. అది ప్రధానంగా సినిమాలు, సొంత సిరీస్‌ల యాప్.

‘అమృతం’ సంగతి వేరు. 2001 నవంబర్‌లో జెమినీలో మొదలై 2007 నవంబర్ దాకా వారానికోసారి వచ్చింది. గుణ్ణం గంగరాజు నిర్మించిన ఈ హాస్య ధారావాహిక యూట్యూబ్‌లో నిర్మాతల సొంత చానల్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. దాని కొనసాగింపు ‘అమృతం ద్వితీయం’ మాత్రం 2020 ఉగాదికి జీ5లో వచ్చింది. మొదటిసారి వరుసగా చూసేవాళ్లకు ఒక మాట: అమృతం పాత్రను మొదట శివాజీరాజా, తర్వాత నరేశ్, ఆపై హర్షవర్ధన్ చేశారు. ముఖం మారగానే ఎపిసోడ్లు ఎగిరిపోయాయని అనుకోవద్దు. గుండు హనుమంతరావు ఆంజనేయులు పక్కనే ఉన్నాడంటే మీరు సరైన దారిలోనే ఉన్నట్టు.

దూరదర్శన్‌వి ఉచితంగానే, కానీ అన్నీ కాదు

ప్రసార భారతి 2024 నవంబర్ 20న గోవా చలనచిత్రోత్సవంలో ‘వేవ్స్’ అనే యాప్ తెచ్చింది. తెలుగుతో సహా పన్నెండుకు పైగా భాషల్లో ఉంది. దూరదర్శన్ చానళ్లు ప్రత్యక్షంగా వస్తాయి, పాత కార్యక్రమాలూ ఉంటాయి. చాలా భాగం ఉచితం. కొన్నింటికి చందా అడుగుతుంది. ప్లేస్టోర్‌లో అదే పేరుతో వేరే యాప్‌లు కూడా కనిపిస్తాయి కాబట్టి తయారుచేసినవారి పేరు దగ్గర ప్రసార భారతి అని ఉందో లేదో చూసి వేసుకోండి. యూట్యూబ్‌లో ప్రసార భారతి ఆర్కైవ్స్ చానల్ కూడా ఉంది.

మరి మనం చిన్నప్పుడు చూసిన తెలుగు సీరియళ్లన్నీ అక్కడెందుకు లేవు? కారణం హక్కులు. దూరదర్శన్ తన డబ్బుతో తీయించినవాటి మీద హక్కు దానిదే. ‘స్పాన్సర్డ్’ పద్ధతిలో వచ్చినవాటికి మాత్రం నిర్మాతే ఖర్చు పెట్టుకుని, సమయానికి రుసుము కట్టి, ప్రకటనల మీద సంపాదించుకునేవాడు. హక్కు నిర్మాత దగ్గరే ఉండేది. ఆ నిర్మాత కాలం చేసినా, కంపెనీ మూతపడినా, టేపులు ఇంటి అటక మీద బూజు పట్టినా సీరియల్ అక్కడితో ఆగిపోతుంది. టేపులకు రెండో శత్రువు పొదుపు. ఖాళీ టేపు ఖరీదైన రోజుల్లో ఒకసారి ప్రసారమైన దాని మీదే మరో కార్యక్రమం రికార్డు చేయడం ప్రపంచమంతా చేసిన పనే. బ్రిటన్‌లో బీబీసీ కూడా 1960ల ‘డాక్టర్ హూ’ ఎపిసోడ్లు ఎన్నో అలాగే పోగొట్టుకుంది.

హిందీ ‘రామాయణం’ బతికిందంటే సాగర్ కుటుంబం దాన్ని కాపాడుకుంది కాబట్టే. 1987 జనవరి 25న మొదలైన ఆ సీరియల్‌ను 2020 మార్చి 28 నుంచి, లాక్‌డౌన్‌లో, దూరదర్శన్ మళ్లీ వేయగలిగింది. తెలుగులో అంత పట్టుదలగా దాచినవాళ్లు తక్కువ. వీధి వీధంతా ఒకే టీవీ ముందు కూర్చున్న కాలం గురించి చెప్పుకోవడానికి కథలే తప్ప బొమ్మ మిగలకపోవడం చిన్న నష్టమేమీ కాదు.

డేటా లెక్క

డైలీ సీరియల్ ఒక ఎపిసోడ్, ప్రకటనలు తీసేస్తే, సుమారు 20 నిమిషాలు. ‘కార్తీక దీపం’ మొదటి భాగంలో 1,500కు పైగా ఎపిసోడ్లున్నాయి. అంటే 500 గంటలు. రోజుకు గంట చూసినా ఏడాదిన్నర దగ్గర పడుతుంది. మూడు నెలల చందా కట్టి మొత్తం చూసేద్దాం అనుకునేవాళ్లు ముందు ఈ గుణకారం చేసుకోవాలి. ‘అమృతం’ మూడు వందల చిల్లర ఎపిసోడ్లే కాబట్టి రోజూ ఒక గంటతో నాలుగైదు నెలల్లో పూర్తవుతుంది.

వీడియో నాణ్యత 360పీ పెట్టుకుంటే గంటకు సుమారు 300 ఎంబీ ఖర్చవుతుంది. 480పీ అయితే అర జీబీ దాకా. హెచ్‌డీ అయితే ఒక జీబీ దాటిపోతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాకు ఉన్న ఇంట్లో అమ్మ సీరియల్, పిల్లల చదువు, నాన్న యూట్యూబ్ అన్నీ ఒకే హాట్‌స్పాట్ మీద నడిస్తే సాయంత్రానికల్లా డేటా అయిపోతుంది. పాత సీరియల్ అసలే పాత కెమెరాతో తీసింది, దానికి హెచ్‌డీ పెట్టినా బొమ్మ మెరుగయ్యేది తక్కువే. సెట్టింగ్స్‌లో డేటా సేవర్ నొక్కండి, తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే ఆటోప్లేను ఆపేయండి. నిద్రలోకి జారుకున్నాక నాలుగు ఎపిసోడ్లు నడిచిపోయేది దానివల్లే.

5జీలో అపరిమితం అని ఇచ్చే ప్యాకుల్లో ఒక మెలిక ఉంది. ఫోన్ 4జీ సిగ్నల్‌కు మారగానే రోజువారీ డేటాలోంచి కోత మొదలవుతుంది. పల్లెల వైపు, ఇంటి లోపలి గదుల్లో ఇది తరచూ జరుగుతుంది. వైఫై ఉన్నచోట నాలుగైదు ఎపిసోడ్లు యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసుకుంటే హన్మకొండ బస్సులో హాయిగా చూడొచ్చు. అలా దించుకున్నవి కొన్ని రోజులకు వాటంతటవే గడువు తీరిపోతాయి.

కొత్త చందా కొనే ముందు మీ రీఛార్జ్ ప్యాకులో ఏ యాప్ కలిపి ఇస్తున్నారో ఆపరేటర్ యాప్‌లో ఒకసారి చూడండి. మొబైల్‌కు మాత్రమే అని రాసి ఉంటే అది టీవీలో పనిచేయదు.

ఆటోపే దగ్గర ఆగండి

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. ‘ఒక రూపాయికి ట్రయల్’ అని నొక్కినప్పుడు చాలాసార్లు ఆటోపేకు కూడా అనుమతి ఇచ్చేస్తాం. ట్రయల్ గడువు తీరగానే పూర్తి మొత్తం కోస్తారు. యాప్ ఫోన్‌లోంచి తీసేస్తే చందా ఆగిపోదు. ఈ మాట పెద్దవాళ్లకు తప్పక చెప్పండి. మీరు వాడే యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మ్యాండేట్స్ అనే చోటికి వెళ్లి అక్కడ రద్దు చేయాలి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకు యాప్‌లో, ప్లేస్టోర్ ద్వారా కట్టి ఉంటే ప్లేస్టోర్ సబ్‌స్క్రిప్షన్స్‌లో. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. ఆ మెసేజ్‌ను ప్రకటన అనుకుని తుడిచేయకండి.

డబ్బు కోసి సేవ ఇవ్వకపోతే మొదట యాప్‌లోని ఫిర్యాదుల అధికారికి రాయండి. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఇక సీరియల్లోని దృశ్యాల మీదే అభ్యంతరం ఉంటే 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీ సంస్థ 15 రోజుల్లో జవాబివ్వాలి.

‘ఫ్రీ లింకు’ నొక్కితే

వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో వచ్చే లింకు ప్లేస్టోర్‌కు వెళ్లకుండా నేరుగా ఏపీకే ఫైలు దించుకోమంటే అక్కడే ఆగిపోవాలి. అలాంటి ఫైళ్లలో కొన్ని మీ ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతాయి. ఎస్ఎంఎస్ చదవగలిగితే ఓటీపీ వాళ్ల చేతిలో ఉన్నట్టే. సీరియల్ చూపించడానికి మెసేజ్‌లతో పనేముంది? ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బును అవతలి ఖాతాలోనే నిలిపేసే అవకాశం అంత ఎక్కువ.

యూట్యూబ్‌లో దొంగ అప్‌లోడ్లను గుర్తుపట్టడం తేలిక. ఆటోమేటిక్ తనిఖీకి దొరక్కుండా బొమ్మను అద్దంలోలా తిప్పేస్తారు. కోడలి పైట కుడి భుజం మీద కనిపించినా, టైటిల్ అక్షరాలు తిరగబడి ఉన్నా అది అలాంటిదే. చూస్తే మీ ఫోన్‌కేమీ కాదు గానీ ఏ రోజైనా మాయమవుతుంది, 87వ ఎపిసోడ్ దగ్గర కథ తెగిపోతుంది.

వెతికినా దొరకకపోతే

మొదట స్పెల్లింగ్ మార్చి చూడండి. ఇంగ్లిష్ అక్షరాల్లో ‘మొగలి’, ‘రేకులు’ విడివిడిగా ఒకసారి, కలిపి ఒకసారి కొట్టండి. తర్వాత నటీనటుల పేరుతో, పాత్ర పేరుతో వెతకండి. ఆర్‌కే నాయుడు అని కొడితే చాలామందికి ‘మొగలిరేకులు’ ముందుకొస్తుంది.

దూరదర్శన్ సీరియల్ అయితే ఇంకో దారి ఉంది. ప్రసార భారతి సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. ఫలానా సీరియల్ టేపులు మీ దగ్గర ఉన్నాయా, హక్కులు ఎవరివి, డిజిటల్‌లోకి మార్చారా అని 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. వీడియో మీ చేతికి రాదు, సమాచారమే వస్తుంది. దరఖాస్తులో సీరియల్ పేరు, ప్రసారమైన ఏడాది, హైదరాబాద్ కేంద్రం అని స్పష్టంగా రాయండి. ఏడాది గుర్తులేకపోతే ‘1990ల్లో’ అని రాసినా తిరస్కరించడానికి అది కారణం కాదు.