బొంబాయిలో ఎక్కడ దిగాలి?



మన సరిహద్దు జిల్లాల్లో బొంబాయి ప్రయాణం కట్టిన కుర్రవాణ్ణి ఇంట్లో పెద్దవాళ్లు మొదట అడిగే ప్రశ్న పని గురించి కాదు. "యాడ దిగుతవు బిడ్డా?" అని. పని ఇవాళ దొరక్కపోతే రేపు దొరుకుతుంది. రాత్రి తల వాల్చే చోటు మాత్రం ఆ రాత్రికే కావాలి. ఆ ప్రశ్నకు మన తాతల నాటి నుంచి వస్తున్న జవాబు హోటలూ కాదు, ధర్మశాలా కాదు. "మనూరోళ్ల రూము." ఆ రూముల కథే ఈ పూట మీకు వినిపిస్తాను.

బొంబాయి ఒకప్పుడు ఏడు దీవులు. సముద్రపు పోటు లోపలి పల్లపు నేలలను ముంచకుండా మహాలక్ష్మికీ వర్లీకీ మధ్య 1784 ప్రాంతంలో ఒక పెద్ద కట్ట వేశారు. దానికి హార్న్‌బీ వెల్లార్డ్ అని పేరు. అలా తేలిన పల్లపు నేలల్లోనే తర్వాత కామాఠీపురా వెలసింది. ఈ పేరు మనదే సుమా! మన భాషలో కామాటి అంటే పనివాడు. నిజాము రాజ్యం నుంచి వెళ్లి రాళ్లు మోసి, మట్టి తవ్వి, రోడ్లూ మేడలూ లేపిన తెలుగు కూలీలను అక్కడి వాళ్లు కామాఠీలు అన్నారు. వాళ్లు గుడిసెలు వేసుకున్న పేట కామాఠీపురా అయింది. 1909లో అచ్చయిన బొంబాయి నగర గెజిటీరు కూడా ఆ మాటే చెబుతుంది.

కూలీలుగా పోయిన వాళ్లలో కొందరు కాంట్రాక్టర్లయ్యారు. 1873లో మహాత్మా ఫూలే పుణెలో సత్యశోధక సమాజం స్థాపించినప్పుడు ఆయనకు బొంబాయిలో అండగా నిలిచిన వాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకూ కాళేవార్ వంటి తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదో నాకిప్పటికీ అర్థం కాదు.

రైలు వచ్చాక రాకపోకలు పెరిగాయి. హైదరాబాదు నుంచి వాడికి 1874లో బండి నడిచింది. 1900 ప్రాంతానికి గోదావరి లోయ రైలుమార్గం నిజామాబాదు, నాందేడు మీదుగా మన్మాడు చేరింది. అటు బొంబాయిలో 1854లో మొదలుపెట్టిన బట్టల మిల్లు ఒకటి కాలక్రమంలో ఎన్నో మిల్లులయింది. మగ్గం కూలిన పద్మశాలి, చెరువు ఎండిన రైతు, భూమి లేని కూలి, అందరికీ దారి అదే అయింది.

ఇంతమంది ఎక్కడ ఉండాలి? నగరంలో హోటళ్లు లేకపోలేదు. 1860లలో ఇనుప చట్రం ఇంగ్లండులో చేయించి తెచ్చి నిలబెట్టిన వాట్సన్స్ హోటలు ఉంది. 1903లో తాజ్‌మహల్ హోటలు తెరిచారు. అవి మన వాళ్లు బయటి నుంచి చూసిన మేడలు. వీళ్లకు మిగిలింది చాలు, అంటే వరసగా గదులు, ముందు ఒక పొడుగాటి వసారా, అంతస్తుకు ఒక చివర అందరికీ కలిపి పాయిఖానాలు. ఒక్కో గదిని ఖోలీ అంటారు.

నేను 1986లో ఒక ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం మొదటిసారి అక్కడ దిగాను. నిజామాబాదులో మీటరు గేజి అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మన్మాడులో దిగి, పెట్టె నెత్తిన పెట్టుకుని పెద్ద లైను బండి పట్టుకోవడం! మా మేనమామ రాసిచ్చిన చీటీలో ఒక గల్లీ నంబరు, ఒక భవనం పేరు ఉన్నాయి. కామాఠీపురాలో గల్లీలకు నంబర్లే పేర్లు. గది పది అడుగులకు పన్నెండు ఉంటుందేమో. గోడల పొడవునా ఒకదాని మీద ఒకటి ట్రంకు పెట్టెలు, నేను లెక్కపెట్టాను, పద్దెనిమిది. మూలన మోరి, అంటే నీళ్లు పోసుకునే జాగా. పైన చెక్కతో అటక. పద్దెనిమిది మంది ఎలా పడుకుంటారని నాకు అనుమానం వచ్చింది. రాత్రి పన్నెండింటికి తెలిసింది. రెండో పాళీ దిగిన వాళ్లు లోపలికి వస్తుంటే మూడో పాళీ వాళ్లు బయటికి పోతున్నారు. పాళీ అంటే షిఫ్టు, మరాఠీ మాట. ఒక చాప ఇద్దరిది. నాకు ఇచ్చింది రాత్రి పనికి పోయిన ఒకాయన చాప. పొద్దున ఏడింటికి ఆయన వచ్చి, "లే బిడ్డా, ఇగ నా పాళీ" అన్నాడు.

ఆ రూముకు ఒక పెద్ద ఉండేవాడు. మేమంతా కాకా అని పిలిచేవాళ్లం. అద్దె లెక్క ఆయనదే, తగువులు తీర్చేదీ ఆయనే. కొత్తగా వచ్చినవాడు మొదటి జీతం అందేదాకా అద్దె ఇవ్వనక్కరలేదు. జీతం వచ్చాక మాత్రం అందరితో సమానం. ఎవరైనా ఊరికి పోతే మిగతా వాళ్ల డబ్బులూ, బట్టలూ, మాటలూ మోసుకుపోవాలి. తాగి వస్తే వసారాలో పడుకోవాలి. నేను మూడు రోజులుండి డబ్బులివ్వబోతే కాకా పుచ్చుకోలేదు. "ఊర్ల మా అమ్మకు కనబడి, నేను మంచిగున్న అని చెప్పు. అదే కిరాయి" అన్నాడు.

శ్రోతలారా, ఇది మన వాళ్లకే ప్రత్యేకమని అనుకోకండి. ధోబీతలావ్ దగ్గర గోవా నుంచి వచ్చిన నావికులకు ఊరి పేరున కూడ్ అనే క్లబ్బులున్నాయి. కొంకణం వాళ్లకూ ఇలాంటి గదులే. ఇంకా దూరం పోతే, జపానులో ఎడో కాలంలో, అంటే 1603 నుంచి 1868 వరకు, బాటసారులకు రెండు రకాల సత్రాలుండేవి. హతాగోలో పడకతో పాటు భోజనం పెట్టేవారు. కిచిన్‌యాదో అనేది పేదల సత్రం. 'కిచిన్' అంటే కట్టెల ఖరీదు. బాటసారి తన బియ్యం తను తెచ్చుకుంటాడు, కట్టెలకు డబ్బిచ్చి వండుకుంటాడు, నలుగురితో కలిసి చాప మీద పడుకుంటాడు. రియోకాన్ అని పిలిచే అక్కడి పాత పద్ధతి సత్రాల్లో నేటికీ గది పగలు కూర్చునే చోటు, రాత్రి పరుపు పరిస్తే పడకగది. చెప్పులు వాకిట్లోనే విడవాలి. ఇదంతా చదివినప్పుడు నాకు కాకా రూమే గుర్తొచ్చింది. తేడా ఒక్కటే. అక్కడ అతిథి తెల్లారి వెళ్లిపోతాడు, ఇక్కడ ముప్పై ఏళ్లు ఉంటాడు.

మరి తిండి? కొన్ని రూముల్లో వంతులవారీగా వండుకునేవారు. ఎక్కువ మంది ఖానావళికి పోయేవారు. మిల్లు కార్మికుల ఇళ్లలో ఆడవాళ్లు ఒంటరి మగవాళ్లకు నెలవారీ లెక్కన వండిపెట్టేవారు, అదే ఖానావళి. సరుకులు అప్పు మీద, ఆ అప్పు వడ్డీ మీద. 1975లో ప్రేమా పురవ్ వీళ్లను కూడగట్టి అన్నపూర్ణ మహిళా మండలి పెట్టి, బ్యాంకు రుణాలు ఇప్పించాకే కొందరికి ఊపిరి ఆడింది. 1982 జనవరి 18న మిల్లు సమ్మె మొదలైంది. దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది పని మానేశారు. ఏడాదికి పైగా జీతాల్లేవు. ఆ కాలం గురించి కాకా చెప్పింది ఒక్క మాటే. "పెట్టెలు తక్కువైనయి, చాపలు ఎక్కువైనయి." సగం మంది ఊళ్లకు తిరిగొచ్చేశారు.

ఇంచుమించు ఆ రోజుల్లోనే గల్ఫుకు పోయేవాళ్లు రావడం మొదలైంది. నిజామాబాదు, కరీంనగర్ జిల్లాల నుంచి వీసా కోసం, విమానం కోసం బొంబాయిలో వారాలు, నెలలు కాచుకున్న వాళ్లు ఈ ప్రసంగం వింటున్న వారిలోనే ఉంటారు. వాళ్లకూ మొదటి మజిలీ ఊరి రూమే. అక్కడ జాగా లేకపోతే లాడ్జి, లాడ్జితో పాటు అప్పు.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పుకోవాలి. కామాఠీపురా అనగానే మీలో కొందరు రేడియో గొంతు తగ్గించి ఉంటారు. ఇంగ్లీషు వాళ్ల కాలంలోనే ఆ పేటలో వేశ్యావాటిక పెరిగింది. యూరపు నుంచి తెచ్చిన స్త్రీలుండే వీధికి సఫేద్ గల్లీ అని పేరొచ్చింది. జపాను నుంచి కూడా పేద రైతుల ఆడపిల్లలను తెచ్చారు. వాళ్లను జపాను వాళ్లు కరాయుకి-సాన్ అనేవారు. తర్వాత కాలంలో మన సరిహద్దు జిల్లాల నుంచీ, కర్ణాటక నుంచీ పిల్లలను తీసుకుపోయి అమ్మారు. ఒకే గల్లీలో ఒక మేడ మీద ఊరి రూము, పక్క మేడలో ఆ బందిఖానా. మనం మగపిల్లవాణ్ణి "యాడ దిగుతవు?" అని అడిగాం. పని ఇప్పిస్తానని ఎవడో మధ్యవర్తి తీసుకుపోయిన ఆడపిల్ల విషయంలో ఆ ప్రశ్న ఎంతమంది అడిగారు? ఊరి రూములో ఆడపిల్లకు చాప లేదు. కాకా రూములోనూ లేదు.

ఆ చెడ్డపేరు అక్కడి సంసారులనూ వదల్లేదు. బీడీలు చుట్టి, తాపీపని చేసి పిల్లలను చదివించిన కుటుంబాలు పెళ్లి సంబంధాలప్పుడు చిరునామా చెప్పడానికి వెనకాడాయి. అక్కడే బతుకమ్మ ఆడారు, మునిసిపాలిటీ తెలుగు బడికి పిల్లలను పంపారు.

ఇన్నేళ్లు ఆ రూములు నిలబడటానికి ఒక చట్టం కారణం. 1947 నాటి బొంబాయి అద్దె చట్టం. దాని పూర్తి పేరులో హోటళ్లు, లాడ్జింగు ఇళ్ల రేట్ల నియంత్రణ కూడా ఉంది. దాని పుణ్యమా అని పాత గదుల అద్దె పెద్దగా పెరగలేదు. 1999లో దాని స్థానంలో కొత్త చట్టం చేసినా పాత కిరాయిదారులు కొనసాగారు. ఇప్పుడు ఆ భవనాలే కూలే దశకు వచ్చాయి. వర్లీలో తెలుగువాళ్లు కూడా ఉన్న బీడీడీ చాళ్లలో గది 160 చదరపు అడుగులు. వాటిని పడగొట్టి కట్టిన మేడల్లో 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఇళ్ల తాళాలు ఇచ్చారు. కామాఠీపురాను కూడా మ్హాడా సంస్థ ద్వారా తిరిగి కట్టే పథకం ఉంది.

మంచిదే. కానీ కొత్త ఇల్లు పాత అద్దె రసీదు చూసి ఇస్తారు. ఊరందరూ తలా కొంత వేసుకుని నిలబెట్టుకున్న రూముకు రసీదు ఒక్కరి పేరునే ఉంటుంది. కాకా పోయి చాలా ఏళ్లయింది. ఆ రసీదు ఎవరి పెట్టెలో ఉందో, ఆ పెట్టె ఇప్పుడు బొంబాయిలో ఉందో మన ఊళ్లో అటక మీద ఉందో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి. మీ తాత పేరున ఒక చాప అక్కడ ఉండి ఉంటే, ఆ సంగతి తెలిసినవాళ్లు ఇంకా కొద్దిమందే మిగిలారు.