చదువు అప్పు – తీరని దివాలా

‘ఐ.పి. పెట్టాడు’ అన్న మాట మన ఊళ్ళలో నిందగానే మిగిలింది. కాని ఆ ఇన్‌సాల్వెన్సీ చట్టాల వెనక ఒక మానవీయ సూత్రం ఉంది: తీర్చలేనివాణ్ణి జీవితాంతం అప్పుకు బానిసగా ఉంచరాదని. అమెరికా ఈ సూత్రం నుంచి విద్యార్థిని వెలివేసింది.

1965 ఉన్నత విద్యా చట్టం విద్యార్థుల బ్యాంకు అప్పులకు ప్రభుత్వ హామీ ఇచ్చింది. పట్టా చేతికి రాగానే దివాలా తీస్తున్నారన్న ప్రచారం 1970లలో లేచింది. దివాలాలో రద్దయిన అప్పులు నూటికి ఒకటి కూడా లేవని ప్రభుత్వ తనిఖీ సంస్థ పరిశీలనలోనే తేలింది. అయినా 1976లో ఐదేళ్ళ నిషేధం వచ్చింది. 1990లో ఏడేళ్ళయింది. 1998లో గడువే పోయి శాశ్వతమయింది. 2005లో ప్రైవేటు బ్యాంకుల అప్పులకూ ఆ రక్షణ దక్కింది.

మిగిలిన ఒకే మినహాయింపు ‘అన్‌డ్యూ హార్డ్‌షిప్’, అంటే తగని కష్టం. తెలుగు పాఠాలు చెప్పుకునే నేను ఈ మాట దగ్గర ఆగిపోయాను. తగని కష్టం ఉందంటే, పేదవాడికి తగిన కష్టమూ ఉందన్నమాట! అదెంతో చట్టం చెప్పలేదు. 1987లో బ్రన్నర్ కేసు తీర్పు మూడు షరతులు పెట్టింది: కనీస జీవనం గడవకూడదు, ఆ దుస్థితి ఇకముందూ కొనసాగాలి, చిత్తశుద్ధితో తీర్చజూసి ఉండాలి. క్రెడిట్ కార్డు అప్పుకు ఈ పరీక్ష లేదు. 2022లో న్యాయశాఖ విచారణ పద్ధతిని కొంత సడలించింది గాని చట్టం మార్చలేదు.

మన 2016 దివాలా స్మృతి కూడా విద్యార్థి అప్పును కోర్టు జరిమానాల సరసన చేర్చి, మాఫీకి అనర్హమంది. వ్యక్తుల దివాలా భాగాన్ని 2019లో కంపెనీల హామీదారుల వరకే అమలుచేశారు. అది అందరికీ వర్తించేలోపే ఈ పోలికను మనం ప్రశ్నించాలి. చదువుకోవడం ఏ నేరానికి సమానం?